షెడ్డులో పట్టని లోడర్

"ఇదంతా నీ నడుము కోసమే కదే," అన్నాడు భర్త, గుమ్మంలో నిలబడి చొక్కా చేతులు మడుచుకుంటూ.

ఆ మాట అంటున్నప్పుడు ఆమె నడుము విల్లులా ఒంగి ఉంది. చేతిలో పార, పారలో పేడ, పక్కన సగం నిండిన తోపుడుబండి. తలెత్తకుండానే "తొందరగా కానిస్తాను, ఉండండి" అంది. కొత్త ట్రాక్టర్‌ను అప్పటికే ఎంచుకున్నారు. దాని ముందు తగిలించి బరువులెత్తే లోడర్‌ను ఈ రోజు తేల్చాలి. తననూ రమ్మన్నారు. పెళ్ళయ్యాక ఒక యంత్రాన్ని కొనే చోటికి ఆమెను తీసుకెళ్ళడం ఇదే మొదలు. ఆ సంబరంలో నొప్పి కూడా కాస్త పక్కకు జరిగినట్టే ఉంది.

ఆ ఇంట్లో మోటారు వచ్చిన పనల్లా చేతులు మారేది. నీళ్ళు తోడినంతకాలం అది ఆమె పని. పంపు బిగించాక స్విచ్ భర్తదైంది. కత్తితో మేత కోసినంతకాలం ఆమె పని. కోత యంత్రం రాగానే మరిది దాని పక్కన నిలబడి వచ్చినవాళ్ళందరికీ చూపించడం మొదలుపెట్టాడు. ఆ మరిదికి ఇంట్లో ముద్దుపేరు 'ఇంజినీరు'. విప్పిన మిక్సీని ఇప్పటివరకు తిరిగి బిగించలేదు గాని పేరు మాత్రం నిలిచిపోయింది. మోటారు రాని పనులన్నీ ఆమెకే మిగిలాయి. పాలు పితకడం, ఆవుల షెడ్డు కడగడం, పేడ ఎత్తి పెంటకుప్ప దాకా తొయ్యడం. "అది పనేమిటే, ఇల్లు ఊడ్చుకోవడం లాంటిదే కదా," అనేది అత్తగారు. ఆ మాటతో అది లెక్కలోంచే జారిపోయింది. నరం మీద నరం ఎక్కి వారం పాటు మంచం దిగలేకపోయినప్పుడు డాక్టర్ సూటిగా చెప్పాడు. ఇకమీదట ఒంగి బరువెత్తితే నువ్వు లేచి నడుస్తావన్న హామీ నేనివ్వలేనమ్మా, అని. ఆ మాట భర్త కూడా విన్నాడు. విని, లోడర్ కొంటున్నానని వీధంతా చెప్పాడు. మా ఆవిడ నడుము కోసం, అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. ఆమె కూడా మెచ్చుకుంది. షెడ్డు తలుపు వెడల్పును, లోపల రెండు వరసల ఆవుల మధ్య దారిని టేపు పెట్టి కొలిచి, షోరూమ్‌లో చెప్పడానికి ఆ కొలతలు భర్త నోట రెండుసార్లు తిరిగి చెప్పించింది. "చెప్తాలే, చిన్నపిల్లాడినా?" అన్నాడు.

షోరూమ్ వెనక ఖాళీ స్థలంలో రెండు లోడర్లు రెండు ట్రాక్టర్లకు తగిలించి ఉన్నాయి. ఒకటి పొట్టిది. బకెట్ ఇరుకు, చేతులు కురచ. రెండోది చూడగానే మరిది ఈల వేశాడు. దాని చేతులు ఎత్తితే లారీ గోడ దాటి అవతలికి వంగుతాయి.

"ఇదన్నయ్యా బండంటే! అదేమో పిల్లలాడుకునేదిలా ఉంది."

"మట్టి, ఇసుక, రాళ్ళు ఏదైనా ఎత్తేస్తుంది సార్," అన్నాడు సేల్స్‌మన్. అతను మాట్లాడినంతసేపూ చూపు మగవాళ్ళిద్దరి మీదే తిప్పాడు. ఆమె దగ్గరికి వచ్చేసరికి చూపు చేతిలోని టీ ఫ్లాస్కు మీద ఆగింది.

"ఇది ఎంత వెడల్పు?" అని ఆమె అడిగింది.

"మంచి వెడల్పు మేడమ్," అని భర్త వైపు చూస్తూ చెప్పాడు.

ఇంతలో పెద్ద లోడర్ పనితనం చూపిస్తామని ఎవరో ఇంజను స్టార్ట్ చేశారు. అన్నదమ్ములిద్దరూ పరుగులాంటి నడకతో అటు వెళ్ళారు. బకెట్ మట్టికుప్పలోకి దిగి, నిండుగా లేచింది. బరువుకు ట్రాక్టర్ వెనక చక్రాలు నేలను వదిలేలా తేలాయి. మరిది చప్పట్లు కొట్టాడు.

ఆమె సేల్స్‌మన్ దగ్గరే ఉండిపోయింది. "మా షెడ్డు తలుపులోంచి ఇది దూరుతుందా, బాబూ?"

అతను ఆశ్చర్యపోయాడు. "దూరదు మేడమ్. దూరినా లోపల తిరగదు. సార్ మొన్న కొలతలు చెప్పినప్పుడే అన్నాను, షెడ్డుకైతే చిన్నదే తీసుకోండి అని. సారే వద్దన్నారు. షెడ్డు పనికి ఇంట్లో మనిషుంది, ఆ బాధ లేదన్నారు."

"మనిషా?"

"అదే, మీ దగ్గర పనిచేసే ఆవిడ. అలవాటైపోయిందట కదా పాపం. ఈ రోజుల్లో అంత నమ్మకంగా పనిచేసే మనిషి దొరకడం అదృష్టం మేడమ్."

చెవుల్లో ఇంజను మోత నిండింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "అవును, అదృష్టమే," అంది.

పెద్దదానికే అడ్వాన్సు ఇచ్చి బయలుదేరారు. ఇంటికి వెళ్ళే దారంతా కారు వెనక సీట్లో ఆమెకు కుదురు లేదు. కిటికీ దించింది, ఎత్తింది, మళ్ళీ దించింది. మర్చిపోయి ఉంటే పోన్లే అనుకునేది. కొలత తప్పు చెప్పి ఉన్నా, ఆయనకు లెక్కలు రావు అని నవ్వుకునేది. కొలత సరిగ్గానే చెప్పాడు. సరిగ్గా చెప్పి, పక్కన పెట్టాడు. తన నడుమును వీధికి చూపించి, మెప్పు ఆయన తీసుకుని, పారను మాత్రం మళ్ళీ తన చేతికే ఇచ్చాడు. మరి తనను ఎందుకు తీసుకొచ్చినట్టు? టీ పొయ్యడానికి. రేపు ఎవరైనా అడిగితే, తనూ వచ్చి చూసింది కదా అని చెప్పడానికి.

"అది షెడ్డులో పట్టదటగా," అంది చివరికి.

స్టీరింగ్ పట్టుకున్న భర్త గేరు మార్చాడు.

"షెడ్డులో ఎంత పనుంటుందే? పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. దానికోసం ఆ బొమ్మను కొంటే నలుగురూ నవ్వరూ?"

"లారీ మీదికి అందుతుంది వదినా దాని చెయ్యి!"

"నీకు నడుం బెల్టు కొంటాను. మంచిది, ఖరీదైనది," అన్నాడు భర్త, అద్దంలో చూస్తూ. ఆమె అద్దంలోకి చూడలేదు.

ఇంటికొచ్చేసరికి కొత్త ట్రాక్టర్ కోసం కడుతున్న షెడ్డులో మేస్త్రి ఆఖరి పనులు చేస్తున్నాడు. ఎత్తైన రేకుల కప్పు, ముందు గోడ లేదు. ట్రాక్టర్ కడగడానికి నీళ్ళ పైపు, నీళ్ళు పోవడానికి వాలుగా పోసిన సిమెంటు నేల. ఆ పక్క నుంచి ఆమె రోజూ పేడబండి తోసుకెళ్తోంది, ఎప్పుడూ ఆగలేదు. ఆ సాయంత్రం ఆగింది. లోపలికి నడిచింది. ఈ గోడ నుంచి ఆ గోడకు, మళ్ళీ వెనక్కి. లారీలు దూరేంత వెడల్పు.

"మేస్త్రీ, ఈ వెనక గోడకు ఇనుప రింగులు పెట్టగలవా? వరసగా, గట్టిగా ఉండాలి."

"దేనికమ్మా?"

"కట్టడానికి."

"గొలుసులేస్తారా ట్రాక్టర్‌కి? దొంగల భయమా?" అని నవ్వి, పెట్టేశాడు.

ట్రాక్టర్ తెచ్చే రోజు అన్నదమ్ములిద్దరూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వెళ్ళారు. కారు మలుపు తిరిగే వరకు ఆమె గేటు దగ్గరే ఉంది. తర్వాత పాత షెడ్డులోకి వెళ్ళి మొదటి ఆవు తాడు విప్పింది. అది గుమ్మం దాటనని మొండికేసింది. గంగడోలు నిమిరి, "రావే తల్లీ, మంచి ఇల్లు చూశాను," అంది. మొదటిది కదిలాక మిగతావి వాటంతటవే వెంట నడిచాయి.

అత్తగారు వరండాలోంచి చూసి, చేతిలోని చాట కింద పడేసింది. "నీకేమైనా మతిపోయిందా? ట్రాక్టర్ ఎండలో పెడతామా?"

"పెడదాం అత్తయ్యా. ఎండకి అదేమీ పాలు తగ్గించదుగా."

మధ్యాహ్నానికి ముందు పెద్ద లోడర్ తగిలించుకుని ట్రాక్టర్ వచ్చింది. షోరూమ్ డ్రైవర్ నడుపుతుంటే, భర్త పక్క మడ్గార్డు మీద దొరలా కూర్చుని ఉన్నాడు. వెనక కారులో మరిది హారన్ మోగిస్తున్నాడు. షెడ్డు ముందుకు రాగానే డ్రైవర్ బ్రేకు వేశాడు. లోపల వరసగా ఆవులు. నేల మీద పొద్దుటి పేడ ఎక్కడిదక్కడే ఉంది.

"ఇదేంటే?" అన్నాడు భర్త. పైనుంచి దిగడం కూడా మర్చిపోయాడు.

"ఇందులో అయితే మీ లోడర్ దూరుతుంది," అంది ఆమె. "లోపల తిరుగుతుంది కూడా. చూసుకున్నాను."

"దీన్ని ఇసుకకి తెచ్చాం గాని పేడకా? ముందు వాటిని పాత చోటికి తోలు!"

"తోలను."

ఆ మాట గట్టిగా అనలేదు. అయినా కారులో హారన్ ఆగిపోయింది. భర్త ఆమెను చూశాడు, ఆవులను చూశాడు, పాత షెడ్డు ఇరుకు తలుపును చూశాడు. దాని వెడల్పు ఆయనకు కంఠతా వచ్చు.

డ్రైవర్‌కు ఈ గొడవేమీ అర్థం కాలేదు. చీకటి పడేలోపు తిరిగి వెళ్ళాలి అతను. "ఎవరో ఒకరు తొందరగా వచ్చి నేర్చుకోండి సార్. బండి నడిపేది ఎవరు?" అంటూ సీట్లోంచి దిగాడు.

భర్త మడ్గార్డు మీద నుంచి దిగి, అటువైపు తిరిగి వచ్చేసరికి, ఆమె చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని సీట్లో కూర్చుని ఉంది.

"చెప్పు బాబూ, బకెట్ దించడానికి ఏది నొక్కాలి?"