హారనక్క కాలినడక

డిపోలో ఆమెను అందరూ హారనక్క అనేవారు. ఆ పేరు పెట్టింది గ్యారేజీ మెకానిక్. ఒక ఆదివారం చర్చిలో ఆమె పాట విని, మర్నాడు వచ్చి, "అక్కా, నీ బస్సుకి హారనెందుకు? తల బయటపెట్టి ఒక్క పల్లవి ఎత్తుకో, లారీలు కూడా పక్కకి తప్పుకుంటాయి" అన్నాడు. ఆమెకు కోపం రాలేదు సరికదా, పేరు నచ్చింది. ఆ డిపోలో స్టీరింగు పట్టిన మొదటి ఆడమనిషి ఆమె. చేరిన కొత్తలో ఆమె రివర్సు చేస్తుంటే చూసి నవ్వడానికి గేటు దగ్గర గుమిగూడిన మగవాళ్లే, తర్వాత తర్వాత ఏ ఇరుకు సందులోనో బండి ఇరుక్కుంటే ఆమెకోసం కబురు పంపేవారు.

అలాంటి హారనక్క ఒక ఉదయం ట్రిప్పు ముగించి, బస్సు దిగబోతూ కమ్మీ పట్టుకుని మెట్టు మీదే కూలబడిపోయింది. నాలుక పిడచకట్టుకుపోయింది. కళ్ల ముందు అంతా మసక. డిపో డాక్టరమ్మ పరీక్షలు చేసింది. షుగరు, బీపీ రెండూ హద్దులు దాటి ఉన్నాయి.

"బస్సు నిండా జనం ఉండగా ఇలా అయితే?" అని అడిగింది డాక్టరమ్మ.

మెట్టు మీద కూర్చున్నప్పుడే ఆ ప్రశ్న హారనక్కకూ తోచింది.

"ఇవి అదుపులోకి వచ్చేదాకా నువ్వు బండి ఎక్కకూడదు. మాత్రలు రాస్తున్నాను. కానీ పనంతా మాత్రలే చెయ్యవు. తిండి మారాలి, రోజూ నడవాలి, కంటినిండా నిద్రపోవాలి."

డిపో మేనేజరు ఆమెను ప్రయాణికులు మరిచిపోయిన వస్తువులు దాచే గదిలో కూర్చోబెట్టాడు. గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పు, ఎవరిదో ఊతకర్ర. కర్ర మరిచిపోయినవాడు బస్సు దిగి ఎలా నడిచిపోయాడా అని నవ్వబోయింది గానీ, నవ్వు రాలేదు. ఇంటికి వెళ్లి భర్తతో, "నన్నూ ఎవరో వచ్చి గుర్తుపట్టి తీసుకెళ్లాలేమో అనిపించిందండీ" అంది.

భర్త దర్జీ. వీధి గదిలో మిషను పెట్టుకుని ఇంటి దగ్గరే కుట్టేవాడు. మనసులో మాట పైకి చెప్పడం చేతకాని మనిషి. ప్రేమంతా కంచంలో వడ్డించేవాడు. ఆమె డ్యూటీ నుంచి వచ్చేసరికి వేపుళ్లు, తీపి, వెన్న దట్టించిన రొట్టె. ఆమె అలసట చూసి ఆయన పెట్టడం, ఆయన ముఖం చూసి ఆమె తినడం ఏళ్ల తరబడి సాగిపోయింది.

సంగతి తెలిసి ఆయన అక్క వచ్చింది. పక్క వీధిలోనే ఉంటుంది. చర్చిలో ఆడవాళ్ల ప్రార్థన కూటాన్ని నడిపించేది ఆవిడే. "దేవుణ్ణి నమ్ముకున్నదానివి, మాత్రల్ని నమ్ముకుంటావా? నీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా ఉపవాసం పట్టు. స్వస్థత అదే వస్తుంది" అంది.

వదిన మాట కాదనలేదు, డాక్టరు మాట మానలేదు. అడకత్తెరలో పోకచెక్కలా నలిగి, చివరికి రెండూ చేసింది: ఉపవాసం పట్టింది, ఖాళీ కడుపుతో మాత్రలూ వేసుకుంది. మర్నాడు మధ్యాహ్నానికల్లా ఒళ్లంతా చెమటలు పట్టి వంటగదిలో పడిపోయింది. దర్జీ డాక్టరమ్మకు ఫోను చేసి, ఆవిడ చెప్పినట్టు ఆమెను లేపి కూర్చోబెట్టి, పంచదార నీళ్లు కొంచెం కొంచెంగా తాగించాడు.

సాయంత్రం పాస్టరుగారు వచ్చాడు. వదిన అప్పటికే అక్కడ తలవంచుకుని కూర్చుని ఉంది. ఆయన ఎవరినీ తప్పుపట్టలేదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని, "అమ్మా, ఒక్క మాట చెప్పు. దారిలో ఎర్రలైటు పడితే ప్రార్థన చేస్తావా, బ్రేకు వేస్తావా?" అని అడిగాడు.

"బ్రేకు వేస్తానండీ."

"మరి ప్రార్థన?"

"ఆ ట్రాఫిక్కులో అది ఎప్పుడూ నడుస్తూనే ఉంటుందండీ."

ఆయన పకపకా నవ్వాడు. "ఇదీ అంతే. నీ ఒళ్లు ఎర్రలైటు వేసింది. డిపో వాళ్లు నమ్మి అప్పగించారని బస్సును కంటికి రెప్పలా చూసుకుంటావే! టైర్లలో గాలి చూడకుండా ఏనాడైనా గేటు దాటావా? ఈ ఒళ్లు కూడా ఒకాయన నమ్మి అప్పగించిందేనమ్మా."

వదిన నెమ్మదిగా తలెత్తింది. "అంటే అయ్యగారూ, ప్రార్థనతో స్వస్థత లేదంటారా?"

"ఎందుకు లేదు? డాక్టరు చేతిలోనూ ఉంది, ఆకుకూరలోనూ ఉంది. ఏ దారిన ఇవ్వాలో దేవుడికి మనం రూటు గీసి ఇవ్వకూడదు, అంతే."

ఆ మాట హారనక్కకు సూటిగా తగిలింది. ఒంట్లో కాస్త ఓపిక వచ్చాక, డాక్టరమ్మను అడిగి ఒక తెల్లవారుజామున ప్రార్థన చేసుకుని బూట్లు వేసుకుంది. వీధి చివరికి వెళ్లి వచ్చేసరికే ఆయాసం ముంచుకొచ్చింది. పెద్ద బస్సును చిటికెన వేలితో తిప్పే తనకు, తన ఒళ్లు ఇంత బరువా అని సిగ్గేసింది. పైగా ఊరికే తిరగడమంటే ఆమెకు పడదు. "ఎక్కడికి పోతున్నానో తెలియకుండా ఎలా నడవనండీ? పిచ్చిదాన్నా?" అని భర్త మీద విసుక్కుంది.

"మరి నీకు తెలిసిన దారిలోనే నడువు" అన్నాడు దర్జీ, సూదిలో దారం ఎక్కిస్తూ.

అప్పట్నుంచి ఆమె తన బస్సు రూటులోనే నడిచింది. మొదట ఒక స్టాపుదాకా. కొన్నాళ్లకు తర్వాతి స్టాపుదాకా. స్టాపు రాగానే కాసేపు ఆగి, అక్కడున్నవాళ్ల కోసం మనసులోనే ప్రార్థన చేసేది. ఇన్నేళ్లూ ఎత్తయిన సీట్లోంచి ఆమెకు కనపడింది చాచిన చేతులే. ఇప్పుడు ముఖాలు కనపడ్డాయి. డ్యూటీ దిగి నిలబడే నిద్రపోతున్న నర్సు కనపడింది. బడికి పోనని మారాం చేసే పిల్లను బతిమాలుతున్న తల్లి కనపడింది. బజారు స్టాపులో ఒక ముసలాయన ఆమెను గుర్తుపట్టి నిలదీశాడు.

"ఏమ్మా, మాన్పించేశారా?"

"లేదు తాతా, ఒంట్లో బాగోలేదు. బాగయ్యాక వస్తా."

"తొందరగా రా తల్లీ. ఆ కొత్తవాడు ఒక్క గతుకూ వదలట్లేదు. నా ఎముకలన్నీ లెక్కపెడుతున్నాడు."

ఆ మాటతో ఆ రోజు ఇంకో స్టాపు దాకా నడిచింది.

ఇంట్లో దర్జీ కూడా వంట మొదటినుంచీ నేర్చుకున్నాడు. కంచంలో సగం కూరగాయలు వచ్చాయి. నూనె తగ్గింది. వేపుళ్ల చోట ఉడికించిన గుడ్లు, గింజలు, చేపలు చేరాయి. మొదటి రోజు ఆకుకూరలు నోట్లో పెట్టుకుని ఆమె, "గడ్డి బాగానే ఉందండీ, నేనే గేదెను కాలేకపోతున్నా" అంది. ఆయన చిన్నబుచ్చుకోలేదు. మర్నాడు వెల్లుల్లి వేసి, నిమ్మకాయ పిండి పెట్టాడు. ఆ మర్నాడు ఇంకో రకంగా. చివరికి ఆమె అడిగి మరీ వేయించుకునేలా చేశాడు. తన కంచంలోనూ అవే వేసుకున్నాడు.

అంతా సాఫీగా ఏమీ జరగలేదు. చుట్టాల పెళ్లిలో కేకు కంటబడేసరికి ఆమె పట్టుదల గాలికి పోయింది. దానికి తోడు వానలు పట్టుకున్నాయి. బూట్లు గుమ్మం పక్కనే ఉండిపోయాయి. సరిగ్గా అప్పుడే మేనేజరు పిలిచి, "ఈ గదినే నీకు శాశ్వతంగా ఇచ్చేస్తాను. ఫ్యాను ఉంది, కుర్చీ ఉంది, కడుపులో చల్ల కదలకుండా కూర్చోవచ్చు. ఈ వయసులో నీకు స్టీరింగెందుకు?" అన్నాడు. ఆయన మంచికే చెప్పాడు. ఆలోచించుకుంటానని వచ్చేసింది.

ఆ సాయంత్రం మోకాళ్లూనింది గానీ, ఎప్పటిలా పెద్ద ప్రార్థనేమీ రాలేదు. "ప్రభువా, ఆ కుర్చీ నాకు బాగా నచ్చింది. నా భయమంతా అదే" అంది.

పొద్దున్నే వానలోనే గొడుగు వేసుకుని బయల్దేరింది. మొదటి స్టాపులో షెడ్డు కింద వదిన నిలబడి ఉంది. కాళ్లకు కొత్త బూట్లు, ముఖంలో మొహమాటం.

"నా మోకాళ్లు కూడా చెప్పిన మాట వినట్లేదు. నడుస్తూ కూడా ప్రార్థన చెయ్యొచ్చు కదా, నీతో వస్తాను" అంది. నాలుగడుగులు వేశాక గొంతు తగ్గించి, "నువ్వలా పడిపోయినప్పట్నుంచి నాకు నిద్ర పట్టట్లేదు. మాత్రలు మానమని ఇంకెవ్వరికీ చెప్పను" అంది.

"ఇంతకీ ఆ బూట్లు కరుస్తున్నాయా వదినా?"

"పీక్కు తింటున్నాయి."

ఇద్దరూ వానలో నవ్వుకుంటూ నడిచారు. ఆ రోజే హారనక్క మేనేజరు దగ్గరికి వెళ్లి, "మీ దయకి వందనాలు సార్. కుర్చీ ఇంకెవరికైనా ఇవ్వండి" అని చెప్పేసింది.

చెట్లు ఆకులు రాల్చి మళ్లీ చిగురించే వేళకి, ఆమె రూటు మొత్తం ఆగకుండా నడిచేది. డాక్టరమ్మ పరీక్షలు చేసింది. మరోసారి చేసింది. కళ్లద్దాలు తీసి ఆమెను ఎగాదిగా చూసింది. "అన్నీ అదుపులో ఉన్నాయి. మాత్రలు తగ్గిస్తున్నాను, పూర్తిగా మానడానికి లేదు. వెళ్లి నీ బండి తెచ్చుకో" అంది. హారనక్క ఆ గదిలోనే చేతులు జోడించింది. డాక్టరమ్మ కూడా పెన్ను పక్కన పెట్టి, ప్రార్థన అయ్యేదాకా ఊరుకుంది.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు, దేవుడు చేసిన మేలు గురించి ఆమెను సాక్ష్యం చెప్పమన్నాడు. అద్భుతం వినబోతున్నామని జనం ముందుకు వంగి కూర్చున్నారు.

"దేవుడు నన్ను ఒక్కరోజులో బాగుచెయ్యలేదు" అంది హారనక్క. "రోజూ కొంచెం కొంచెం బాగుచేశాడు. నడవమంటే నడిచాను. వద్దన్నది మానేశాను. మధ్యలో పడిపోయాను, ఆయన మళ్లీ లేపాడు. ఇప్పటికీ మాత్రలు వేసుకుంటున్నాను, సిగ్గుపడట్లేదు. రేపు పొద్దున నా బస్సు తోలుతున్నాను." ముందు వరసలోంచి వదిన "ఆమెన్" అని ఎంత గట్టిగా అందంటే, చంటిపిల్లలు ఉలిక్కిపడి ఏడ్చారు.

మర్నాడు ఆమె బండి చుట్టూ తిరిగి చూసుకుని, ఒక్క ఊపులో సీటెక్కి, గేటు దాటింది. రెండో స్టాపులో ఎక్కినవాళ్లలో ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న దర్జీ ఉన్నాడు. చేతిలో పనిలేదు, ఎక్కడికీ వెళ్లేది లేదు. ముందు సీట్లో కూర్చుని, కాసేపు కిటికీలోంచి చూశాడు. ఉండబట్టలేక పక్కనున్న పెద్దమనిషి వైపు తిరిగాడు.

"బస్సు మెత్తగా పోతోంది కదండీ?"

"అవునండీ."

"తోలేది మా ఆవిడే."

"ఓహో."

"ఒంట్లో బాగోక ఆపేశారు. తనంతట తానే నడిచి నడిచి తిరిగి తెచ్చుకుందండీ ఆ సీటు."

ఆ పెద్దమనిషి ఈసారి డ్రైవరు వైపు పరీక్షగా చూశాడు. "గొప్ప మనిషేనండీ" అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో భర్త నలుగురిలో తన గురించి ఇన్ని మాటలు చెప్పడం హారనక్క ఎన్నడూ వినలేదు. అద్దంలో ఇద్దరి కళ్లూ కలిశాయి. వీపు నిటారుగా పెట్టి, మలుపులో బస్సును నీళ్లు తొణకనంత మెత్తగా తిప్పి, ఎదురుగా నిలబడ్డ జనం కోసం ఆపి తలుపు తెరిచింది.