తాడు కట్టిన వంటిల్లు

సూపు చల్లారిపోయి వచ్చింది. పైన తొరక కట్టింది. వంటామె చెంచాతో దాన్ని పక్కకు నెట్టి, ఒక్క గుక్క తాగి చెంచా కింద పెట్టేసింది.

"ఇదే మా ఆసుపత్రిలో పోస్తే, మంచాన పడ్డవాళ్ళు కూడా లేచొచ్చి కొడతారు."

"మెల్లగా మాట్లాడవే, వింటారు" అన్నాడు మొగుడు. "కిటికీలోంచి చూడు. ఎంత బావుందో కొండ! రెండొందల ఏళ్ళ సత్రం ఇది."

"కొండని నంజుకోమంటారా?"

ఇరవై రెండేళ్ళుగా ఆమె ఆసుపత్రిలో పూటకు నాలుగు వందల మందికి వండుతోంది. ఉప్పు తక్కువ, కారం లేదు, నూనె అసలే వద్దు. తన చేతి పనితనమంతా అక్కడే వృథా అవుతోందని ఆమె దిగులు. రుచి తెలిసినవాళ్ళకు ఒక్క ఏడాదైనా మనసుపెట్టి వండాలని ఆశ. ఈ పల్లెటూరి సత్రం యజమాని ఆమధ్య ఆసుపత్రిలో పది రోజులున్నాడు. "మా వంటింటికి మీరే రావాలి, ముందోసారి భోజనానికి రండి" అని అతను కబురంపితే, ఆమెకు రెండు రాత్రులు నిద్రపట్టలేదు.

సూపు తర్వాత మాంసం వచ్చింది. కొవ్వు పేరుకుపోయి, కొవ్వొత్తి కరిగి గడ్డకట్టినట్టుంది. దాని వెనకే చేతులు నలుపుకుంటూ యజమాని వచ్చాడు.

"ఎలా ఉందమ్మా మా సత్రం? ఈ కుర్చీల్లో మహామహులు కూర్చున్నారు."

"కూర్చునుంటారు. తిన్నారా?"

అతను అదేదో మెచ్చుకోలు అనుకుని పకపకా నవ్వి, వాళ్ళను వంటింటికి తీసుకెళ్ళాడు.

గుమ్మానికి అడ్డంగా ఎర్రతాడు. లోపల గోడ పొడుగునా రాతి పొయ్యి, అద్దాల్లా మెరిసే రాగి గిన్నెలు. ఆ గిన్నెల అడుగు మందం చూసేసరికి ఆమె కోపం కాస్త దిగింది.

"పొయ్యి ఎప్పుడు వెలిగిస్తారు?"

"వెలిగించడమా! గిన్నెలు మసిబారిపోవూ? వంటంతా గుర్రాలశాల అవతల, రేకుల షెడ్డులో. మీరిక్కడ పాతకాలం బట్టలేసుకుని, ఆ పెద్ద గిన్నెలో గరిటె తిప్పుతుండాలి. అతిథులు ఫొటోలు తీసుకుంటారు."

"గిన్నెలో ఏముంటుంది?"

"ఏముంటుందమ్మా, ఏమీ ఉండదు. మిమ్మల్ని చూసిన రోజే అనుకున్నా, వంటమనిషంటే ఇలా ఉండాలని. ఆ చేతులు, ఆ మొహం!"

"మరి నా వంట?"

"ఆసుపత్రి తిండి ఎవరు తింటారమ్మా! నాకు మా ఇంటినుంచి క్యారియర్ వచ్చేది."

మొగుడు ఆమె మోచేతిని తట్టాడు. "ఒప్పుకోవే. ఉండటానికి ఇల్లు కూడా ఇస్తాట్ట. గరిటె తిప్పడమేగా, నీ నడుంనొప్పికీ మంచిది."

ఆమె ఇద్దర్నీ, కుళ్ళిన కూరగాయలు ఏరేటప్పుడు చూసినట్టు చూసి, పెరటి తలుపు తోసుకుని బయటికి నడిచింది. గుర్రాలశాల దాటి రేకుల షెడ్డు చేరేసరికి ఆయాసం వచ్చింది. లోపల చెమటలు కక్కుతూ ఒకావిడ బానలో సూపు కలుపుతోంది.

"ఇటు రాకూడదక్కా, ఆయన తిడతాడు."

"తిట్టనీ. ఆ సూపు కాస్త పోసివ్వు."

సలసల కాగుతున్న సూపు. మిరియాల ఘాటు ముక్కుకెక్కింది. ఉప్పు సరిగ్గా ఎంతుండాలో అంతే ఉంది. వంటామె గిన్నె సగం ఖాళీ చేసింది.

"ఇది నువ్వు చేసిందేనా?"

"నేనే. అంత దూరం మోసేసరికి చల్లారిపోతుంది, ఏం చెయ్యను? కొత్తగా వచ్చే పెద్ద వంటామైనా సత్రంలో ఆ రాతి పొయ్యి వెలిగిస్తుందేమో అనుకుంటున్నాం. మీరేనా?"

"ఆయనకి కావాల్సింది వంటామె కాదమ్మా, బొమ్మ."

మొగుడు రొప్పుతూ గుమ్మంలోకి వచ్చాడు. "ఆయన కనిపెట్టుకుని ఉన్నాడే. ఏం చెప్పమంటావ్?"

"ఆ బట్టలు మీరే వేసుకుని నుంచోండి. పని చెయ్యకుండా చేస్తున్నట్టు కనపడటం మీకు కొత్తా?"

బోర్లించిన బకెట్టు మీద కూలబడి, ఆమె గిన్నె చాపింది.

"ఇంకో గరిటె పొయ్యమ్మా. రేపట్నుంచి నాకు మళ్ళీ ఉప్పులేని వంటే."