కొబ్బరిచెట్టు లేని ఫొటో

టీచరుగా రిటైరైన సుందరమ్మగారు కెమెరా కొనుక్కున్నాక, అమలాపురం చుట్టుపక్కల ఎక్కడ ఫొటో తీసినా అందులో ఓ కొబ్బరిచెట్టు వచ్చి నిలబడేది. చెట్టూ చేమా లేని చోటు ఒక్కటైనా దొరకాలని ఆవిడ పంతం. ఆదివారం ప్రార్థన కాగానే కోడలు షైనీ ఆవిడను స్కూటీ ఎక్కించుకుని, కాట్రేనికోన దాటి సముద్రం వైపు తీసుకెళ్లింది. సరుగుడు తోట దాటగానే ఇసుక దిబ్బలు కనిపించాయి. వాటిమీద గాలి గీసిన చారలు తప్ప ఇంకేమీ లేవు.

సుందరమ్మగారు చెప్పులు విప్పేసి, ఇసుకలో బోర్లా పడుకుని మరీ ఫొటో తీశారు.

“ఎంత బాగా తీసేరండి అత్తయ్యగారూ! అచ్చం ఎడారిలాగుంది. మన కోనసీమంటే ఎవరూ నమ్మరండి,” అంది షైనీ.

“నమ్మనివాళ్లు వచ్చి చూసుకుంటారులేమ్మా. నువ్వెళ్లి ఆ దిబ్బమీద నిలబడు.”

షైనీ నవ్వుతూ దిబ్బ ఎక్కింది. పొద్దు వాలేదాకా ఇద్దరికీ ఇంటి ధ్యాసే రాలేదు.