దూలానికి మేకు దిగకుండా

గణపతిరావు బిగించింది ఊడిపడిందని చోడవరంలో ఎవరైనా అంటే, వాడి మాట నమ్మేవాళ్ళుండరు. చక్కెర ఫ్యాక్టరీలో ముప్ఫై నాలుగేళ్ళు ఫిట్టరుగా చేసిన మనిషి. ఆయన బోల్టు విప్పాలంటే మళ్ళీ ఆయనే రావాలని తోటివాళ్ళు వేళాకోళం చేస్తే, ఆ వేళాకోళాన్నే బిరుదులా దాచుకున్నాడు. ఇప్పుడు కూతురు దుర్గాదేవి పెట్టిన కరెంటు సామాన్ల షాపులో కుర్చీ వేసుక్కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ ఆ సంగతే చెబుతుంటాడు. షాపు మాత్రం దుర్గది. వైరింగు, ఇన్వర్టర్లు, సీసీ కెమెరాలు, అన్నీ తనే నిచ్చెనెక్కి చేస్తుంది. ఆడది నిచ్చెనెక్కడమేమిటని మొదట్లో మూతి విరిచినవాళ్ళే ఇప్పుడు ఫ్యాను తిరక్కపోతే ఆమెకి ఫోన్ చేస్తున్నారు.

ఆ షాపుకి అనంతపద్మనాభం గారి ప్రొజెక్టరు పని వచ్చింది. ఆయన బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యారు. కొత్తగా ఇల్లు కట్టుకుని, హాలు కప్పుని పాత పెంకుటింటి మాదిరి రెండు వైపులా ఏటవాలుగా పోయించారు. నడినెత్తిన, పదిహేడు అడుగుల ఎత్తులో, ఒక టేకు దూలం. చీడికాడలోని తాతగారింటి దూలమట. పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఎక్కించారు. దానికి మేకు దిగడానికి వీల్లేదని ఆయన పట్టు. విశాఖపట్నం నుంచి వచ్చిన పనివాళ్ళు దూలానికి డ్రిల్లు వేస్తే గానీ కుదరదని చెప్పి వెళ్ళిపోయారు. ఆదివారం ఆయన భార్య రమామణి గారికి రిటైర్మెంటు సన్మానం. టీచరమ్మ పాత శిష్యులు పంపిన ఫొటోలన్నీ ఆ రోజు గోడ మీద పెద్దగా పడాలి.

బుధవారం దుర్గ బిగింపు సామాను చూడ్డానికి అనకాపల్లి బస్సెక్కింది. వచ్చేదాకా ఏమీ ముట్టుకోవద్దని తండ్రికి మరీ మరీ చెప్పి వెళ్ళింది. గణపతిరావు ఆగితేనా? కూతురు తిరిగొచ్చేసరికి పని అయిపోయి ఉండాలి, ఆమె నోరు వెళ్ళబెట్టి చూడాలి, అదీ ఆయన సరదా. దూలం చుట్టూ మందపాటి ఇనప పట్టీ వంచి బిగించాడు. పట్టీకి హుక్కు, హుక్కుకి ఆరడుగుల పైపు. ఫ్యాక్టరీలో చెరకు పిండే రోలరు ఎత్తే గొలుసు కూడా హుక్కుకే వేలాడుతుంది, కప్పు ఎంత వాలుగా ఉన్నా పైపు దానంతటదే నిటారుగా నిలుస్తుందని ఆయన ధీమా. తను వేలాడి చూడని హుక్కుకి బరువెక్కించడం ఆయన సర్వీసులో లేదు. అరవై ఆరేళ్ళ వయసులో ఆ పైపు పట్టుకుని నిచ్చెన మీంచి కాళ్ళు వదిలేశాడు. రమామణి గారు భయంతో కళ్ళు మూసుకున్నారు. పట్టీ కిర్రుమనైనా అనలేదు.

ఆ మనిషిని మోసిన పైపుకి నాలుగు కేజీల ప్రొజెక్టరు తగిలించి మొదటి ఫొటో వేశారు. బాగానే పడింది. ఉక్కగా ఉందని అనంతపద్మనాభం గారు ఫ్యాన్లు వేశారు. అంతే, గోడ మీద ఐదో తరగతి పిల్లలంతా పడవెక్కినట్టు అటూ ఇటూ ఊగడం మొదలెట్టారు. రెండు నిమిషాలకి ఆయన కళ్ళు తిరిగి సోఫాలో కూలబడ్డారు.

"దుర్గ పని బాగుంటుందని అందరూ చెప్పేరయ్యా. ఇదేనా?" అన్నారు. ఆమె చెప్పినట్టే తండ్రి వచ్చి బిగించాడనుకున్నారాయన.

కాదు, ఇది నా తెలివే అని చెప్పాలి. గణపతిరావు మాత్రం సరిచేయిస్తానని గొణిగి బయటపడ్డాడు. సాయంత్రానికి బస్టాండు దగ్గర టీ కొట్టులో, దుర్గాదేవి కట్టిన ప్రొజెక్టరు ఉయ్యాలూగుతోందట అన్న మాట ఆయన చెవినే పడింది. కెమెరాలు పెట్టమన్న కల్యాణ మండపం మంగాయమ్మ గారు, ఇప్పుడే వద్దులే, చూద్దాం అని షాపుకి ఫోన్ చేశారు.

దుర్గ వచ్చి, ఆ హాల్లో తలెత్తి ఒకసారి చూసింది. తండ్రిని పల్లెత్తు మాటనలేదు. శనివారం దాకా టైమివ్వమని, పొరపాటైందని అనంతపద్మనాభం గారికి తనే క్షమాపణ చెప్పుకుంది. పక్కనే నిలబడి అంతా విన్న గణపతిరావుకి తల తీసేసినట్టయింది. అప్పుడైనా చెప్పాడా? లేదు.

ఇంటికొచ్చాక ఒక్క మాటే అంది. "అది మోసే బరువెంత నాన్నా? నాలుగు కేజీలు. మోస్తే సరిపోదు, కదలకుండా ఉండాల."

ముప్ఫై నాలుగేళ్ళూ బరువు సంగతే చూసినవాడికి ఈ కదలకపోవడం సంగతి తట్టనే లేదు.

ఆ రాత్రి కూర్చుని దుర్గ లెక్క వేసింది. వాలు కప్పుకి సరిపడా తిరిగే పలక ఉన్న బిగింపు దొరుకుతుంది గానీ, దాన్ని స్లాబుకి పెడితే బొమ్మ గోడకి ఒక పక్కకి పోతుంది. పొట్టి పైపు పెడితే ప్రొజెక్టరు దూలానికి అతుక్కుని, బొమ్మ గోడ నెత్తికెక్కుతుంది. అందుకని దూలాన్ని రెండు వైపులా పట్టుకునే రెండు పలకలు, పలకలకీ కర్రకీ మధ్య రబ్బరు షీటు, దూలంలోకి దిగకుండా పక్కల నుంచి బోల్టులు. హుక్కు లేదు. సన్నటి పైపు నేరుగా పలకకే బిగింపు. పైపు అడుగు నుంచి రెండు సన్నటి కడ్డీలు చెరో వాలుకీ లాగి స్లాబులో బిగించాలి. స్లాబుకి ఎవరూ బొట్టు పెట్టలేదు కాబట్టి అక్కడ డ్రిల్లు వేస్తామంటే అనంతపద్మనాభం గారేమీ అనలేదు.

శనివారం దుర్గ నిచ్చెన మీద, గణపతిరావు కింద. అడిగిన స్పానరు అందించడమే ఆయన పని. చెయ్యి దురద పుట్టి, ఇంకో తిప్పు తిప్పమన్నాడు. తిప్పితే రబ్బరు నలిగిపోతుందంది దుర్గ. ఆయన తరవాతి స్పానరు అందించాడు.

ఫ్యాన్లన్నీ ఫుల్లుగా పెట్టింది. ఫొటోలో రెండో వరస పిల్ల జడ రిబ్బను కూడా కదల్లేదు. గణపతిరావు గోడ దగ్గరికెళ్ళి, వెనక్కొచ్చి, పక్కనుంచి వంగి, పది నిమిషాలు వెతికినా వంక దొరకలేదు. నా కూతురు నన్ను మించిపోయిందని లోపల పొంగిపోయాడు. పైకి మాత్రం, బాగానే ఉందిలే అన్నాడు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. ముందు వరసలో మంగాయమ్మ గారు కూడా ఉన్నారు. ఫొటోలు అయ్యాక ఎవరో శిష్యుడు, అంతెత్తు కప్పుకి ఎవరు పెట్టారండీ అని అడిగాడు. అనంతపద్మనాభం గారు లేచి, గణపతిరావు భుజమ్మీద చెయ్యేసి, మొదట కూతురు చెప్పినట్టు కట్టింది ఊగిపోయిందనీ, ఈయన దగ్గరుండి నిలబెట్టాడనీ, అనుభవమంటే ఇదనీ చెప్పారు. చప్పట్లు మోగాయి. దుర్గ స్విచ్చిబోర్డు దగ్గర వైరు చుట్టుకుంటోంది. తలెత్తలేదు.

గణపతిరావు చెవులు కాలిపోయాయి. ఆ చప్పట్లు అలాగే పోనిస్తే ఎవరికీ తెలియదు. దుర్గ ఎప్పటికీ చెప్పదు. ఆ సంగతి తెలిసే ఆయన లేచాడు.

"మేనేజరు గారూ, మీకు తప్పుగా తెలిసింది. ఊగింది నా సొంత తెలివితో నేను కట్టింది. నిలబడ్డది మా గుంట దుర్గ కట్టింది. ఆ రోజే సెప్పాల్సింది బాబూ. నామోషీ అయిపోయి దాని మీదకి పోనిచ్చేసేను."

దుర్గ చేతిలో వైరు ఆగిపోయింది. రమామణి గారు ఆమెని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తన పక్కన, సన్మానం కుర్చీల్లో కూర్చోబెట్టారు. మంగాయమ్మ గారు వంగి, కెమెరాలు ఎప్పుడు పెడతావమ్మా అని అక్కడికక్కడే అడిగారు.

అందరూ తలలెత్తి దూలం వైపు చూస్తున్నారు. గణపతిరావు మాత్రం కూతుర్నే చూస్తూ, కాలుతున్న చెవులతోనే, ఛాతీ విరుచుకుని ఒక్కడే చప్పట్లు మొదలెట్టాడు.