రేపటి తేదీ

వాసన అని రాస్తే నవ్వుతారు. పోనీ తుప్పు అని రాస్తే? ఇనుమన్నాక తుప్పు పట్టదా సార్, అంటారు. బావమరిది చెప్పాడని రాస్తే కాగితం మడిచి పక్కన పడేస్తారు. అతను కలాన్ని గడి దాకా తెచ్చి మళ్లీ వెనక్కి తీశాడు. గడి పైన అచ్చులో ఉంది: 'తనిఖీ సరిగా జరగలేదనడానికి ఆధారం.' గడి రెండు వేళ్ల వెడల్పు కూడా లేదు. అయినా నిజానికి ఆ చోటు చాలు. చేతికే మనసు రావడం లేదు.

షోరూం గోడ గడియారంలో ఐదు కావడానికి పది నిమిషాలుంది. కొన్న ఐదు రోజుల్లోగా కారు తిరిగి ఇచ్చేయవచ్చని ఒప్పందం. ఇవాళ ఐదో రోజు. ఆరింటికి షట్టరు దించేస్తారు. ఆ తర్వాత ఆ కారు అతనిదే, దాని తుప్పూ అతనిదే. అద్దం అవతల తళతళలాడుతూ నిలబడ్డ పాత కార్లన్నిటికీ ముందు అద్దం మీద ఒకే ఆకుపచ్చ స్టిక్కరు: 'నూట అరవై అంశాల్లో తనిఖీ అయినది.' ఆ స్టిక్కరుకే అతను పడిపోయాడు.

"మా తమ్ముణ్ణి ఒక్కసారి చూడమందామండీ. వాడు పొద్దస్తమానం ఆ పనిలోనే ఉంటాడు కదా," అని భార్య అప్పుడే, తమ్ముడితో ఫోన్లో మాట్లాడుతూనే, అంది.

"నూట అరవై చూసేశారు. మీ తమ్ముడు చూసేది నూట అరవై ఒకటోదా?"

ఫోన్లో అవతల ఉన్న బావమరిది అది విని నవ్వాడు. "అన్నెందుకు బావా, నేను చూసేది ఒక్కటే. కార్పెట్ ఎత్తి చూస్తా."

ఆ మాట ఎందుకంత గుచ్చుకుందో అతనికి అప్పుడు తెలియలేదు. మెకానిక్ షెడ్డులో బతికేవాడికి కాగితం విలువేం తెలుస్తుంది అనుకున్నాడు. తను బతికేది కాగితం మీద. ఇరవై రెండేళ్లుగా లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం. ఎవడో సంతకం పెట్టిన తర్వాత కూడా కార్పెట్ ఎత్తి చూడాలంటే, ఇక తన సంతకానికి మాత్రం అర్థమేముంది?

మూడో రోజు వాన పడింది. వెనక సీట్లో కూర్చున్న కూతురు ముక్కు మూసుకుంది. "నాన్నా, కారు తడిగుడ్డ వాసనొస్తోంది."

"కొత్త కారు కదమ్మా, అలాగే ఉంటుంది."

"కొత్తది కాదుగా?"

భార్య అద్దంలోంచి బయటికి చూస్తూ పెదవి బిగించింది. ఇంటికి రాగానే తమ్ముడికి ఫోన్ చేసింది, అతన్ని అడక్కుండానే.

నిన్న పొద్దున బావమరిది స్క్రూడ్రైవరుతో వచ్చాడు. కాఫీ కూడా తాగకుండా వెనక సీటు కింద దూరి కార్పెట్ అంచు లేపాడు. అడుగున మెత్తని బూడిదరంగు ఒండ్రు, ఎండి పెచ్చులు కట్టి ఉంది.

"బావా, నీ కారుకి ఈత వచ్చు."

ఎవరూ నవ్వలేదు. వాడూ నవ్వు మానేశాడు. సీటు బెల్టు నేలకు బిగించే బోల్టును గోటితో గీకితే తుప్పు పొరలు పొరలుగా లేచింది. "వరదలో మునిగిన బండి ఇది. ఇంజను కడిగి అమ్మేశారు. ఇది చూడు, బెల్టుంది గానీ పట్టు లేదు. గట్టిగా బ్రేకేస్తే ఊడి చేతికొస్తుంది. మా మేనకోడలు కూర్చునేది ఇక్కడే కదా?"

భార్య వెనక సీటు మీద కూతురు పెట్టుకున్న చిన్న దిండు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నాలుగు మాటలు అని ఉంటే అతను ఐదు మాటలు అనేవాడు, లెక్క సరిపోయేది.

తర్వాత బల్ల ముందు కూర్చుని తనిఖీ పత్రం విప్పాడు. కొన్న రోజున చదవలేదు, అన్నిటికీ టిక్కు ఉందా లేదా అని చూశాడంతే. ఇప్పుడు టిక్కులను చూశాడు. నూట అరవై. అన్నీ ఒకే వాలు, ఒకే పొడవు, ఒకే సిరా. నిజంగా బండి కిందికి దూరిన మనిషి కాగితం ఇలా ఉండదు. ముప్ఫయ్యో గడికొచ్చేసరికి కలం జిడ్డుకు మొరాయిస్తుంది, ఏదో మూల నల్లటి వేలిముద్ర పడుతుంది, ఒక టిక్కు గడి దాటిపోతుంది, ఎక్కడో ఒకచోట 'మళ్లీ చూడాలి' అని ఉంటుంది. ఇది కుర్చీలో కూర్చుని, పక్కన టీ పెట్టుకుని, ఒక్క ఊపులో దించిన పని. ప్రతి పేజీలో చివరి టిక్కు తోక కాస్త పొడుగ్గా సాగింది. హమ్మయ్య, పేజీ అయిపోయిందన్న తోక అది. ఆ తోకను అతను ఎక్కడైనా గుర్తుపడతాడు.

మొదట్లో మూడేళ్లపాటు అతను ప్రతి లిఫ్టు అడుగున ఉండే గుంతలోకీ దిగేవాడు. తర్వాత జాబితా పెరిగింది, మోకాళ్లు అరిగాయి. ఒకరోజు దిగలేదు. ఏమీ జరగలేదు. ఇంకో రోజు దిగలేదు. అప్పుడూ ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే అతని పనితనానికి రుజువై కూర్చుంది. మెల్లగా సాయంత్రాలు ఇంట్లో, కూతురు హోంవర్కు చేసుకుంటుంటే ఎదురుగా కూర్చుని, మర్నాటి పత్రాలు ముందే నింపేయడం అలవాటైంది.

"నాన్నా, నీకన్నీ రైట్లేనా? ఒక్కటి కూడా తప్పు రాదా?" అని ఒకసారి అడిగింది. అతను ఎంత నవ్వాడో. ఆఫీసులో కూడా చెప్పి నవ్వించాడు.

"అయిందా సార్?"

మేనేజరమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. నిద్ర చాలని ముఖం, వాడిపోని చిరునవ్వు. ఖాళీ గడి చూసింది.

"కార్పెట్ కొత్తది వేయిస్తాం సార్. ఆ బోల్టు కూడా మార్చేస్తాం."

"బోల్టు మారిస్తే సరిపోదు మేడమ్, అది బిగించే రేకునే తుప్పు తినేసింది. బండి మునిగింది."

"మీరు తీసుకెళ్లాక కూడా వాన పడింది కదా సార్?"

"ఒక్క రోజు వానకు అంత తుప్పు పడుతుందా?"

"అది బయటి మెకానిక్ మాట సార్, మేం లెక్కలోకి తీసుకోం. మా తనిఖీలో బాగుందని ఉంది, కింద మీ సంతకమూ ఉంది. తనిఖీయే జరగలేదని మీరు చూపిస్తే తప్ప బండి వెనక్కి తీసుకోలేను. మీ ముందే అడుగుదాం, ఉండండి."

తనిఖీ చేసినతను వచ్చాడు. ఇంచుమించు తన వయసే. మెట్టు దిగేటప్పుడు కుడి మోకాలు పట్టుకున్నాడు. చేతులు శుభ్రంగా ఉన్నాయి.

"వెనక కార్పెట్ ఎత్తి చూశారా?" అడిగాడు అతను.

"చూశాను సార్."

"బెల్టు బోల్టు?"

"అన్నీ చూశాను సార్. చూడకుండా ఎలా పెడతాం?"

తొందరలేని, కాస్త నొచ్చుకున్నట్టున్న గొంతు. అబద్ధమని చెప్పేవాడికే గుర్తులేనంత నలిగిన మాట. అపార్టుమెంట్ల వాళ్లు అడిగినప్పుడు తను చెప్పేదీ ఇదే, ఈ వరుసలోనే.

"చూడలేదు. ఈ టిక్కులు చూస్తేనే తెలుస్తోంది," అన్నాడు అతను.

"ఆయన పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నారు సార్," అంది మేనేజరమ్మ. "టిక్కులు చూసి తనిఖీ జరగలేదంటున్నారు. టిక్కు చూస్తే మీకెలా తెలుస్తుంది?"

ఐదూ ఇరవై. నోరు మూసుకుంటే కొత్త కార్పెట్ వస్తుంది. కూతుర్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకోవచ్చు. పెద్దయ్యేదాకా వెనక కూర్చోవద్దని ఏదో కథ చెప్పొచ్చు. భార్య ఏమీ అనదు. అదే, ఏమీ అనదు.

ఎదుటి మనిషి వైపు చూశాడు. వాణ్ణి చొక్కా పట్టుకుని అడగాలన్న కోపంతో పొద్దున ఇంట్లోంచి బయలుదేరాడు. ఇప్పుడు ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఒళ్లో సంచి ఉంది. ఎన్నిసార్లు ఆ సంచి మీద చెయ్యి వేసి తీశాడో లెక్కలేదు. జిప్పు లాగాడు. ప్లాస్టిక్ కవరులోంచి ఒక పత్రం తీసి బల్ల మీద, కారు పత్రం పక్కనే, అంచులు కలిసేలా పరిచాడు. ఊళ్లో కంటి ఆసుపత్రి లిఫ్టుది. కళ్లకు కట్లతో మనుషులు ఎక్కి దిగే లిఫ్టు. నలభై రెండు గడులు, నలభై రెండు టిక్కులు, ఒకే వాలు. కింద తోక. ఆ పక్కన అతని సంతకం.

మొదట చూసింది తనిఖీ మనిషే. చూసి తల దించుకున్నాడు. మేనేజరమ్మకు ఇంకా అర్థం కాలేదు. ఈ పత్రానికీ ఆ పత్రానికీ సంబంధమేమిటన్నట్టు చూస్తోంది.

తేదీ మీద అడ్డంగా ఉన్న తన బొటనవేలిని అతను పక్కకు జరిపాడు.