బేలు మీద బండి

ఆదోనిలో విశ్వేశ్వరయ్య సావుకారికి ఒక కారుండేది. కారు అని ఆయన అనేవాడు. ఎమ్మిగనూరు దుర్గప్ప మాత్రం దాన్ని మొదటిసారి చూసినప్పుడు, అయ్యో పాపం అనుకున్నాడు. బళ్ళారిలో కొలువు చేసిన దొర ఎవరో ఇంగ్లండుకు పోతూ పోతూ అమ్మేసిన బండి అది. దొర దాన్ని గుర్రంలా మేపాడట. సావుకారి చేతికొచ్చాక అది గాడిదైంది. ఆయన వెనక సీటు పీకించి వేరుశనగ మూటలు వేశాడు, పత్తి బోరాలు వేశాడు, ఒకసారి ఆలూరు సంత నుంచి రెండు పొట్టేళ్ళను కూడా ఎక్కించుకొచ్చాడు. ఎనిమిదేళ్ళు అట్లా మోసేసరికి వెనక ఎడమవైపు కమాను కట్టలో మూడు పట్టీలు విరిగాయి. మిగిలినవి సాగి తిరగబడ్డాయి. చక్రానికీ బండి ఒంటికీ మధ్య ఉండి గుంతల దెబ్బలన్నీ తాను తినేది ఆ కమాను కట్టే. అది పోయాక కారు ఎడమ తుంటి మీద కూలబడి నిలబడేది. అందులో ఎక్కిన వాళ్ళు నడుం పట్టుకుని దిగేవాళ్ళు.

ఆదోనిలో మేస్త్రీలు లేక కాదు ఎమ్మిగనూరుకు కబురు పెట్టింది. ఉన్న మేస్త్రీలంతా సావుకారి సంగతి ఎరిగినవాళ్ళు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. పైగా బండిని షెడ్డుకు పంపడు. పంపితే లోపలి సామాన్లు మార్చేస్తారని అనుమానం. పాతికేళ్ళుగా పత్తి వ్యాపారం చేసినవాడు కదా, అందరూ తనలాగే ఉంటారని ఆయన గట్టి నమ్మకం. అందుకే పని ఇంటి దగ్గర, తన కళ్ళ ముందు, తన వాకిట్లోనే జరగాలన్నాడు.

దుర్గప్పది కమ్మరి ఇల్లు. తండ్రి బండి చక్రాలకు ఇనుప కట్లు వేసేవాడు. కొడుకు ఎమ్మిగనూరు బస్టాండు వెనక కొలిమి పెట్టుకుని, బస్సుల కమాన్లు సాగదీసి కొత్త పట్టీలు వేసేవాడు. నోరు దురుసు. చేయి మాత్రం మంచిది. సావుకారి కారుకు కొలతలు తెప్పించుకుని నాలుగు రోజులు కొలిమి దగ్గర నిలబడి ఏడు పట్టీల కట్ట చేశాడు. దాన్ని గోనెలో చుట్టి, బస్సు మీద వేసుకుని, పొద్దున్నే ఆదోనిలో దిగాడు.

వాకిట్లోకి అడుగు పెట్టేసరికి అక్కడ పెద్ద సభ నడుస్తోంది. అరుగు మీద కుర్చీలో షోలాపురం నుంచి వచ్చిన రామకృష్ణయ్య కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఒక మిల్లుకు పత్తి కొనిపెట్టే మనిషి. వాకిలి పక్కనే రేకుల కొట్టం, అందులో ప్రెస్సులో అదిమి కట్టిన పత్తి బేళ్ళు రెండు వందలు. ఆ రెండు వందలూ ఆయన ఒక్క తలూపుడు కోసం ఎదురు చూస్తున్నాయి. సావుకారి ఆయన చుట్టూ తిరుగుతున్న తీరు చూస్తే, ఆ కాఫీ కూడా తానే తాగించేటట్టున్నాడు. బేళ్ళు చూపించాక ఆయన్ను కార్లో తన జిన్నింగు మిల్లుకు తీసుకుపోవాలని సావుకారి ఆలోచన. అందుకే ఈ హడావిడి.

"ఏమప్పా దుర్గప్పా, మగ్గాలకు మొలలు కొట్టేటోనివి, మోటారు పని వొస్తాదా నీకు?" అని సావుకారి పలకరించాడు. రామకృష్ణయ్య వినాలని గట్టిగా అన్నాడు.

"బిరీన తేలిపోతాదిలే సామీ," అని దుర్గప్ప గోనె విప్పాడు.

కారు నడిపే యేసేపు వచ్చి సాయం పట్టాడు. ముప్పై దాటని మనిషి, సావుకారి దగ్గర ఐదేళ్ళ నుంచీ ఉన్నాడు. ఇద్దరూ కలిసి కారు పక్క కడ్డీ కింద జాకీ పెట్టి లేపి, చక్రం ఊడదీశారు. ఉన్నది ఒకటే జాకీ. దాంతో బండిని లేపి, కింద గట్టి మొద్దు పెట్టి, బరువంతా మొద్దు మీదికి దించాలి. అప్పుడు జాకీని తీసి ఇరుసు కింద పెట్టుకుంటే ఇరుసు పైకీ కిందికీ ఆడుతుంది, పాత కమాను కట్ట ఊడివస్తుంది. ఇదంతా బండి కింద వెల్లకిలా పడుకుని చేసే పని. మొద్దు మంచిదైతే మనిషి లేచి వస్తాడు.

"యేసేపూ, కొట్టం ఎనక తుమ్మ మొద్దులు ఉండాయంట గదా. దొర్లించుకుని రా," అన్నాడు దుర్గప్ప.

యేసేపు రెండడుగులు వేశాడో లేదో, సావుకారికి ఒక ఆలోచన వచ్చింది. అట్లాంటి ఆలోచనలు బుద్ధున్నవాడికి రావు.

"మొద్దులెందుకప్పా," అన్నాడు రామకృష్ణయ్య వైపు తిరిగి. "నా బేలు పెట్టండి. మా ప్రెస్సులో పడిన బేలంటే రాతిబండే. ఏనుగును ఎక్కించినా అంగుళం దిగదు."

రామకృష్ణయ్య గ్లాసు కింద పెట్టాడు. "అదీ బాగుండాది. పెట్టండి, సూద్దాం," అన్నాడు.

ఇద్దరు హమాలీలు కొక్కేలు తీసుకుని కొట్టంలోకి పోయారు. అంచున ఉన్న బేలుకు కొక్కెం తగిలించారు. సావుకారి గబుక్కున, "అది గాదు, ఆ పక్కది," అన్నాడు.

"అన్నీ ఒకటే గదా సావుకారీ?" అన్నాడు రామకృష్ణయ్య. తీరిగ్గా అన్నాడు.

సావుకారి హమాలీల వైపు తిరిగాడు. "ఒకటే. అన్నీ ఒకటే. అదే తీసుకురాండప్పా."

బేలు వచ్చింది. హమాలీలు దాన్ని బండి కడ్డీ కిందికి తోసి పోయారు. చూడ్డానికి బాగానే ఉంది. కొత్త గోనె, చుట్టూ ఇనుప పట్టీలు, పైన సావుకారి పేరు నల్ల అక్షరాల్లో. దాన్ని సరిగ్గా ఆనించడానికి దుర్గప్ప బండి కిందికి దూరాడు. దూరగానే ముక్కుకు వాసన తగిలింది. పులిసిన గంజి, తడిసిన గోనె కలిసిన వాసన. బేలును ఆనుకుని పడుకుని ఇనుప పట్టీని వేలితో తడిమాడు. బయటివైపు నూనె రాసి మెరిపించారు. లోపలివైపు గోరు పెడితే తుప్పు పెచ్చులుగా రాలింది. పట్టీ సందులోంచి వేలు దూర్చాడు. లోపల వెచ్చగా, చెమ్మగా ఉంది.

ఇనుము సంగతి కమ్మరికి ఎవరూ చెప్పనక్కరలేదు. తూకం పెరగడానికి పత్తి మీద బిందెలతో నీళ్ళు చల్లించి బేలు కట్టారు. చల్లిన నీళ్ళు ఎక్కడికీ పోవు. లోపలే ఉడికి, పత్తిని నల్లగా మురగబెట్టి, పట్టీలను తినేస్తాయి. పైన పటారం, లోన లొటారం. దీని మీదికి కారు బరువు దించితే పట్టీలు తెగుతాయి. తెగితే బండి దుర్గప్ప రొమ్ము మీదికి వస్తుంది. అది సావుకారికి తెలుసు. పక్క బేలు తెమ్మన్నప్పుడే తెలిసిపోయింది, ఆయనకు తెలుసని.

దుర్గప్ప బయటికి రాలేదు. జాకీ ఇంకా బండిని మోస్తూనే ఉంది, అది తాను తిప్పితే గాని దిగదు. కోపం నెత్తికెక్కింది కానీ, దానికంటే ఎక్కువగా ఒక సంగతి తేల్చుకోవాలనిపించింది. ఈ మనిషి ఎంతవరకు పోతాడు? పడుకున్న చోటినుంచి పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. అరుగు మెట్టు మీద రామకృష్ణయ్య బూట్లు, చక్రం పక్కన యేసేపు ఉత్తకాళ్ళు, బండి పక్కనే సావుకారి కిర్రుచెప్పులు.

"సామీ, జాకీ తీస్తే బరువంతా మీ బేలు మీదనే. బేలు బాగుండాదా?" అని కింది నుంచే అడిగాడు.

"నా బేలుకేమప్పా? కానీ," అన్నాయి కిర్రుచెప్పులు.

"నేను దీని కిందనే పండుకోవల్ల. ఏమన్నా అయితే రొమ్ము మీదికే వొస్తాది. ఒక మాట సెప్పండి, మొద్దులే తెప్పించుకుంటా."

"సెయ్యి తిరిగిన మేస్త్రీవి, ఇంత బయమేందప్పా నీకు?" సావుకారి నవ్వాడు. ఆ నవ్వు రామకృష్ణయ్యకు వినిపించడానికే. రామకృష్ణయ్య కూడా నవ్వాడు. కింద ఒక మనిషి ఉన్నాడే అన్న ధ్యాస ఆయనకూ లేదు. ఆయనకు బేలు పరీక్ష కావాలి, అంతే. ఆ బూట్లకు కూడా దుర్గప్ప మనసులోనే ఒక నమస్కారం పెట్టాడు.

"ఇంటికాడ నా పెండ్లాం ఉరుకుందమ్మ ఉండాది, ముగ్గురు పిల్లోళ్ళు ఉండారు," అన్నాడు మూడోసారి. ఈసారి గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే ఒక జవాబు కోసం అడిగాడు. "మీరు తీయమంటే తీస్తా సామీ."

సావుకారి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. కిర్రుచెప్పులు కదిలాయి. ముందుకు వస్తాయేమో, వంగి చెవిలో చెబుతాడేమో అని దుర్గప్పకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. అవి వెనక్కి పోయాయి. ఒకటి, రెండు, మూడడుగులు. బండి పడితే మన్ను పైన పడని దూరానికి పోయి ఆగాయి.

"తీయి," అన్నాడు సావుకారి.

మరుక్షణం దుర్గప్ప చీలమండను ఎవరో గట్టిగా పట్టుకున్నారు. ఉత్తకాళ్ళు మోకాళ్ళ మీదికి వంగాయి. "అన్నా, బయటికి రా," అన్నాడు యేసేపు. "నువ్వు బయటికి రాన్నా. దాని కింద పండుకోవద్దు."

"నువ్వెవర్రా నడమ?" సావుకారి అరిచాడు.

దుర్గప్ప బయటికి వచ్చాడు. మన్ను దులుపుకున్నాడు. సావుకారి మొహం వైపు చూడబుద్ధి కాలేదు. చూస్తే ఉమ్మేసేవాడే. ఊడదీసిన చక్రాన్ని దొర్లించి బండి కింద అడ్డం పడేశాడు. సావుకారి చేసిన పాపానికి బండి ఎందుకు దెబ్బ తినాలి?

"సావుకారి తీయమన్నారు. తీస్తా. ఈడ్నించే తీస్తా," అన్నాడు.

పొడుగు కడ్డీ జాకీకి తగిలించి, దూరంగా గొంతుక్కూర్చుని తిప్పాడు. బండి కొంచెం కొంచెంగా బేలు మీదికి దిగింది. జాకీ ఖాళీ అయింది. ఒక నిమిషం ఏమీ కాలేదు. సావుకారి మొహంలోకి రక్తం తిరిగొచ్చింది, "సూసినారా రామకృష్ణయ్యా..." అనబోయాడు. అంతలో మొదటి పట్టీ ఫట్ మంది. దాని వెనకే రెండోది, మూడోది. గోనె చీలి, బేలు పక్కకు విచ్చుకుంది. కారు దబ్బున చక్రం మీద కూలబడింది. దుర్గప్ప రొమ్ము ఉన్న చోట ఇరుసు నేలకు కరుచుకుంది. చీలిన గోనెలోంచి నల్లటి ముద్దలు జారాయి. ఆవిరి కూడా వచ్చింది. కంపుకు హమాలీలు ముక్కులు మూసుకున్నారు.

రామకృష్ణయ్య దిగివచ్చాడు. ఒక ముద్ద చేతిలోకి తీసుకుని పిండాడు. వేళ్ళ మధ్య నీళ్ళు కారాయి. రుమాలుతో చేయి తుడుచుకుని, ఆ రుమాలును కూడా అక్కడే పడేశాడు. "నా పెట్టె తెప్పించండి. పదకొండు గంటల రైలుబండికి పోతా," అన్నాడు. సావుకారి ఆయన వెంట వాకిలి దాకా, వాకిలి దాటి వీధి దాకా, "ఒక్క బేలే అట్లయింది, దేవుని మీద ఆన, మిగతావి సూడండి," అంటూ పరిగెత్తాడు. కిర్రుచెప్పు ఒకటి మధ్యలో ఊడిపోయింది. ఆయన తిరిగి చూసుకోలేదు.

తిరిగి వచ్చాక పడాల్సిన కోపమంతా యేసేపు మీద పడింది. తిన్న ఇంటి వాసాలు లెక్కబెట్టేవాడివన్నాడు. ఈ పూట నుంచే పనిలోకి రావద్దన్నాడు. యేసేపు కొట్టం వెనక్కి పోయి తుమ్మ మొద్దులు రెండూ దొర్లించుకొచ్చాడు.

పట్టిన పని సగంలో వదిలే అలవాటు దుర్గప్ప ఇంట్లో లేదు. ఇద్దరూ కలిసి మొద్దుల మీద బండిని నిలబెట్టారు. తుప్పు పట్టిన బోల్టులకు కిరసనాయిలు పోసి విప్పారు. పాత కట్టను ఊడదీసి, కొత్త కట్టను ఇరుసు మీద కూర్చోబెట్టి, యేసేపు పట్టుకుంటే దుర్గప్ప నట్లు బిగించాడు. మధ్యాహ్నానికి చక్రం ఎక్కింది. జాకీ దించితే కారు సాఫీగా, ఎటూ వాలకుండా నిలబడింది. దుర్గప్ప వెనక భాగం మీద చేయి వేసి నొక్కాడు. బండి దిగి, మెల్లగా లేచి, ఆగింది. పొద్దున్నుంచీ ఆ వాకిట్లో సంతోషం ఇచ్చింది అదొక్కటే.

సామాన్లు సంచిలో వేసుకుంటుంటే సావుకారి దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. ఉదయం నుంచి మొదటిసారి దుర్గప్పతో అంత దగ్గరగా నిలబడ్డాడు.

"దుర్గప్పా, నువ్వేమన్నా అనుకో. నేనూ సెబుదామనే అనుకుంటాన్నా. అంతలోనే ఆ యేసేపు నోరు తెరిసినాడు."

"మీరు తీయి అన్నాకనే గదా సామీ వాడు తెరిసింది."

సావుకారి అసలు మాటకు వచ్చాడు. "అదట్ల పోనీ. ఈ బేలు సంగతి మాత్రం యాడా సెప్పొద్దప్పా. పేరు పోతాది."

దుర్గప్ప అప్పుడు ఆయన మొహం సూటిగా చూశాడు. పొద్దున్నుంచీ చూడనిది ఇప్పుడు చూశాడు. అందులో భయం ఉంది, బేళ్ళ గురించి. బండి కింద పడుకున్న మనిషి గురించి అందులో ఏమీ లేదు.

"బేలు సంగతి ఎవురికీ సెప్పను సామీ," అన్నాడు. "మీరు తీయి అన్న సంగతి సెప్తా."

సంచి భుజాన వేసుకుని వాకిలి దాటాడు. పని పోయిన యేసేపు వెనకాలే వచ్చాడు. ఎమ్మిగనూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఎక్కి కూర్చోగానే, కండక్టరు దుర్గప్ప వీపు మీద మన్ను చూసి, ఏమన్నా, యాడ పండుకుని వొస్తాండావు అని అడిగాడు. దుర్గప్ప పక్కనున్న యేసేపు వైపు ఒకసారి చూసి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.