అరచేతిల రుచి

"ఆంటీ, మీ బరువు గురించి జర మాట్లాడొచ్చా?" అని అడిగింది ఫిజియో పిల్ల కీర్తన.

మాట్లాడొచ్చా అట! నాకు గాడనే డౌటొచ్చింది. లావున్నవని అందరు మొఖం మీదనే అంటరు. ఎముకల డాక్టర్ అన్నడు, ముషీరాబాద్‌ల ఉండే మా మరదలు అన్నది. రాంనగర్ల కూరగాయలమ్మే మొగిలయ్య గూడ "అక్కా, జర తగ్గాలె నువ్వు" అని తూకమేస్తనే చెప్తడు. వీళ్లల్ల ఒక్కరన్న పర్మిషన్ అడిగిన్రా? ఈ పిల్ల అడుగుతున్నదంటే ఇందుల ఏదో మతలబు ఉన్నది.

"ఏం అమ్ముతవ్ బిడ్డా? పొడి డబ్బానా?" అన్న సీదా. మా మరదలు గట్లనే షేకులు తాగుమని ఒక డబ్బా అంటగట్టింది. పుట్నాల పొడి నీళ్లల్ల కలిపినట్టుండె.

కీర్తన నవ్వింది. "ఏం అమ్మ ఆంటీ. మా ఫిజియోలకు ఈ మధ్య ట్రైనింగ్ ఇచ్చిన్రు. మోకాళ్లు అరిగినోళ్లకు ఎక్సర్‌సైజ్ ఒక్కటే చేపిస్తే సాలదు, బరువు తగ్గనీకి గూడ సాయం చెయ్యాలె అని. ఒక్క కిలో తగ్గినా అడుగేసినప్పుడల్లా మోకాలి మీద మూడు నాలుగు కిలోల భారం తగ్గుతది. గని తిట్టొద్దు, బెదిరియ్యొద్దు, ముందుగాల అడగాలె అన్నరు."

మాట్లాడుడు నేర్పనీకి గూడ ట్రైనింగా? నాకైతే నమ్మబుద్ధి గాలే.

నా సంగతి చెప్త. నా పేరు అరుంధతి. అశోక్‌నగర్ల కోచింగ్ పిల్లలకు మెస్ నడుపుత. మా ఆయన పోయినంక నన్ను నిలబెట్టింది ఈ మెస్సే. గవర్నమెంట్ నౌకరీ కోసం రాత్రింబవళ్లు చదివే పిల్లలు "ఆంటీ చేతి పప్పు" అని మెట్లెక్కొస్తరు. గిప్పుడు మోకాళ్లల్ల గుజ్జు అరిగిందట. పొయ్యి కాడ కాసేపు నిలవడితే పానం పోతున్నది. నేను పొయ్యి కాడ నిలవడకపోతే నా గంటె ఇంకొకరి చేతికి పోతది. మెస్ నాది గాకుండ పోతది. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టనిది గా భయానికే.

ఆ ఇంకొకరు ఎవరు? ఆదిలక్ష్మి. రాజమండ్రి దిక్కు మనిషి, చిక్కడపల్లిల కిరాయికి ఉంటది. మెస్ పెట్టినప్పటి సంది నాతోనే వండుతున్నది. నారాయణగూడల ఈ కీర్తన దగ్గరికి పొమ్మని చెప్పింది గూడ ఆమెనే. గది గుర్తుంచుకోండ్రి.

"రోజూ ఏం తింటరు ఆంటీ?" అని అడిగింది కీర్తన.

"పొద్దుగాల రెండిడ్లీలు. పగటీలి ఇంత అన్నం. రాత్రికి ఒక రొట్టె. మా అమ్మ తోడు, గంతే."

నేను అబద్ధమాడలే. పిల్ల గూడ ఆడినవని అనలే. "మీ వంటింటికి ఒకసారి రావొచ్చా?" అన్నది. చూసిన్రా? ఇంట్లకు గూడ వస్తదట! ఒళ్లు మండింది గని, చూద్దాం ఏం చేస్తదో అని రమ్మన్న.

వచ్చింది. ఒక మూలకు స్టూలేసుకొని కూసున్నది. ఆదిలక్ష్మి ఎప్పటి లెక్కనే గంటె పట్టుకొని నా దగ్గరికొచ్చింది. "అక్కా, పప్పులో ఉప్పు చూడండి." నేను అరచేతిల ఇంత అన్నం పెట్టుకొని, పప్పు పోయించుకొని ముద్ద కలిపి తిన్న. ఉత్త పప్పు నాకితే ఉప్పెట్ల తెలుస్తది? పిల్లలు తినేది అన్నంల గదా, అన్నంలనే చూడాలె. తర్వాత వంకాయ కూర, ఒక ముద్ద. సాంబారు, ఇంకో ముద్ద. పచ్చడికి నూనె సరిపోయిందో లేదో, మళ్లొకటి. గిన్నె అడుగున మాడిన అన్నం పారేస్తే పాపం గదా, దానికింత నెయ్యేసి గది గూడ నోట్లేసుకున్న.

కీర్తన మెల్లగ అడిగింది: "ఆంటీ, ఇదంత మీరు చెప్పిన లెక్కల ఉన్నదా?"

"ఇది తినుడెట్లయితది? రుచి చూసుడు!"

పిల్ల వాదించలే. "అయితే ఈ రుచి చూసే పని కొన్ని రోజులు ఆదిలక్ష్మి గారు చేస్తే మీకు ఎట్ల అనిపిస్తది?" అన్నది.

ఆదిలక్ష్మి చేతిల మూత కింద పడ్డది. ఆమె కీర్తన దిక్కు చూసింది, కీర్తన ఆమె దిక్కు చూసింది. నాకు అంత సమజైంది. ఓహో! గిదన్నట్టు మీ ట్రైనింగు. ముందుగాల రుచి, తర్వాత గంటె, తర్వాత మెస్. ఇద్దరు కలిసి నన్ను కుర్చీల కూసోబెట్టి మెల్లగ పక్కకు జరుపుతరన్నమాట.

"మా వంటింట్ల రుచి చూసేది నేనే" అన్న గట్టిగ. కీర్తన "సరే ఆంటీ, మీ ఇష్టం" అని లేచిపోయింది. గంత జల్ది ఒప్పుకునేసరికి నాకు డౌటు ఇంకింత పెరిగింది.

ఆ వారమంత ఆదిలక్ష్మి మీద కన్నేసిన. ఒకనాడు నేను ముందు రూంల పిల్లలకు వడ్డిస్తున్న. లోపట్నుంచి మాడు వాసన గుప్పుమన్నది. కుంటుకుంట ఉరికి చూస్తే పప్పు అడుగంటి నల్లగైంది. పక్కనే నిలవడి ఆదిలక్ష్మి ఉల్లిగడ్డలు కోస్తున్నది! ముక్కు పక్కనే మాడుతుంటే ఎవరికన్న తెల్వదా?

"కావాలని మాడగొట్టినవ్ గదా?" అన్న.

"అయ్యో, చూసుకోలేదక్కా" అన్నది, మొఖం పక్కకు తిప్పి.

పిల్లలు నా వంటకు వంకలు పెట్టాలె, తర్వాత తానొచ్చి మంచిగ వండాలె. గిదే గదా ప్లాను? ఇన్నేండ్లు ఒక కంచంల తిన్న మనిషి, నాకే టోపీ పెడుతదా?

మరుసటి దినం "గుడికెళ్ళొస్తానక్కా" అని జల్ది పోయింది. గుడి అంటున్నదిగని కీర్తన కాడికే పోతదని డౌటొచ్చి, నేను ఆటో పట్టుకొని సీదా నారాయణగూడ పోయిన. క్లినిక్ ముందట ఆదిలక్ష్మి చెప్పులున్నయి. తెగిన పట్టీకి నీలం దారం కుట్టుకున్నది, నాకు తెల్వదా? లోపట కర్టెన్ వెనకాల ఆమె గొంతు వినిపిస్తున్నది.

"అక్కకి చెప్పకండి మేడం. తెలిస్తే ఆ వంటింట్లో నాకింక చోటుండదు."

కర్టెన్ ఒక్క గుంజుడు గుంజిన. "దొరికిన్రా ఇద్దరు! నా గంటె కోసం కూసొని మాట్లాడుకుంటున్రా?"

ఆదిలక్ష్మి లేచి నిలవడ్డది. మొఖమంత నీళ్లు. "మీ గంటె నాకెందుకక్కా? దాన్ని నేనేం చేసుకోను?" అన్నది. "నాకు రుచి తెలీదు."

"ఏందీ?"

"కరోనా వచ్చింది కదా నాకు. జ్వరం తగ్గింది కానీ వాసన తిరిగి రాలేదు. రుచీ పోయింది. కారం వేస్తే నాలుక మండుతుందంతే. కళ్ళు మూసుకుంటే పప్పేదో చారేదో చెప్పలేను. చేతికున్న అలవాటు కొద్దీ వండుతున్నాను. తేడా వస్తుందేమోనని ప్రతి గిన్నే మీ దగ్గరికి తెస్తున్నాను. రుచి తెలియని వంటమనిషిని ఎవరు పెట్టుకుంటారక్కా? ఇప్పుడా పని నాకు అప్పజెప్పమని మేడం అంటుంటే, ఆ మాట ఇంకెత్తొద్దని బతిమాలుకోడానికొచ్చాను."

పక్కనున్న బెడ్డు మీద కూలవడ్డ.

నిజమే. ఆ జ్వరానికి ముందట ఆమె ప్రతిది తెచ్చేది గాదు. తనే నాలిక మీద ఏసుకొని "బాగుంది" అనేది. తర్వాత తర్వాత గంటె పట్టుకొని నా చుట్టు తిరుగుతుంటే, నాకు పెద్దరికం ఇస్తున్నదని మురిసిపోయిన. ఆమె భయంతో తెచ్చింది, నేను సంబురంగ తిన్న. ఆమె భయమంత నా మోకాళ్ల మీదకొచ్చి కూసున్నది.

"నీకు తెలుసా?" అన్న కీర్తనను.

"ఇప్పుడే చెప్పిన్రు ఆంటీ. అయినా వాళ్ల మాట వాళ్లే చెప్పాలె, నేనెట్ల చెప్త?"

"ఇప్పుడేం చెయ్యాలె మరి? మీ ట్రైనింగ్‌ల దీనికేమన్న చెప్పిన్రా?"

"లేదు ఆంటీ. గిది చెప్పలే" అన్నది పిల్ల. "మీరిద్దరే చెప్పాలె."

కోపం ఎవరి మీద తియ్యాల్నో తెల్వలే. "నడువ్, పిల్లలకు రాత్రి వంట చెయ్యాలె" అని ఆదిలక్ష్మిని ఆటో ఎక్కించిన. చిక్కడపల్లి సిగ్నల్ కాడ ఆమె చెయ్యి పట్టుకున్న. చల్లగుండె.

తెల్లారి పొయ్యి పక్కన కుర్చీ ఏసుకొని కూసున్న. గంటె ఆదిలక్ష్మి చేతిలనే ఉంచిన. మామిడికాయ పప్పు ఉడికింది. ఆమె గంటె తెచ్చి, అలవాటు కొద్ది అన్నం గిన్నె గూడ నా ముందల పెట్టింది.

"అన్నమొద్దు. ఒక్క చుక్క ఏయ్" అన్న చెయ్యి చాపి.

ఏసింది. నాకిన. "ఉప్పు సరిపోయింది."

ఆమె పొయ్యి దిక్కు మళ్లింది. గంటె తిప్పుకుంటనే, నన్ను చూడకుండ అడిగింది. "ఎలా ఉందక్కా?"

ఇన్నేండ్లల్ల ఎన్ని ముద్దలు మింగిన్నో! ఉప్పు ఎక్కువ, కారం తక్కువ అన్నగని, ఎట్లున్నదో ఒక్కనాడు చెప్పలే. ఇంకో చుక్క ఏయించుకున్న. ఈసారి గబుక్కున మింగలే. కండ్లు మూసుకొని నాలిక మీద ఉంచుకున్న.

"ముందుగాల మామిడికాయ పులుపు తగులుతది" అన్న. "పండ్లు జివ్వుమనేటంత గాదు. ఎన్కకెల్లి పచ్చిమిరపకాయ. గొంతుల దిగేటప్పుడు ఎల్లిపాయ పోపు కమ్మగ వస్తది. ఇంగువ నీ చేతి ఇంగువనే, ఏం మారలే."

ఆదిలక్ష్మి గంటె తిప్పుడు ఆపింది. పొయ్యి గట్టు పట్టుకొని గట్లనే నిలవడ్డది.

"ఇంకా చెప్పండక్కా" అన్నది.

కింద పిల్లలు మెట్లెక్కుతున్న సప్పుడైతున్నది. "చారు గిన్నె మూత తియ్యి, చెప్త" అన్న.